పేషెంట్ ఫైలు ఎవరెవరి చేతుల్లోకి వెళ్తోంది?

అమెరికాలో ప్రాక్టీస్ చేస్తున్న తెలుగు డాక్టర్లు, క్లినిక్ మేనేజర్లు, వాళ్లతో కలిసి పనిచేసే బిల్లింగ్, ఐటీ కంపెనీలవారు హాజరైన సమావేశంలో ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం.

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో రెండు రకాల వాళ్లున్నారు. పేషెంట్‌ని చూసేవాళ్లు ఒకరు. పేషెంట్ ముఖం ఎప్పుడూ చూడకుండా ఆ పేషెంట్ కాగితాలు చూసేవాళ్లు ఇంకొకరు. డాక్టర్లు, నర్సులు, క్లినిక్ మేనేజర్లు ఒక పక్కన కూర్చున్నారు. బిల్లింగ్, కోడింగ్, ట్రాన్‌స్క్రిప్షన్, సాఫ్ట్‌వేర్ పనులు చేసేవాళ్లు మరో పక్కన కూర్చున్నారు. కోడింగ్ అంటే జబ్బుకీ చికిత్సకీ బిల్లు మీద కోడ్ రాయడం, ట్రాన్‌స్క్రిప్షన్ అంటే డాక్టర్ చెప్పింది విని టైపు చేయడం. హిపా, అంటే పేషెంట్ సమాచారం గుట్టుగా ఉంచాలనే అమెరికా చట్టం గురించి మామూలుగా మీకు వేరువేరుగా క్లాసులు చెబుతారు. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టమని నేనే నిర్వాహకులను అడిగాను. డాక్టరేమో అది వెండర్, అంటే పని తీసుకున్న బయటి కంపెనీవాడు, చూసుకుంటాడులే అనుకుంటాడు. వెండరేమో క్లినిక్ వాళ్లు చూసుకునే ఉంటారు కదా అనుకుంటాడు. పేషెంట్ గుట్టు బయటపడేది చాలాసార్లు ఈ రెండు అనుకోవడాల మధ్యనే.

నార్త్ కరోలినాలో జరిగిన ఒక కేసు చెబుతాను. రాలీ ఆర్థోపీడిక్ అని ఎముకల డాక్టర్ల క్లినిక్. వాళ్ల దగ్గర పాత ఎక్స్‌రే ఫిల్ములు గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక కంపెనీ వాళ్లతో బేరం కుదిరింది: ఈ బొమ్మలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తాం, అందుకు బదులుగా ఫిల్ముల్లో ఉండే వెండి మేం తీసుకుంటాం అని. పాత ఎక్స్‌రే ఫిల్ముల్లో వెండి ఉంటుంది, దాన్ని కరిగించి తీస్తారు. క్లినిక్‌కి స్థలం ఖాళీ అవుతుంది, చేతి నుంచి పైసా ఖర్చు లేదు. ఇచ్చేశారు. ఆ ఫిల్ముల మీద పేషెంట్ల వివరాలున్నాయి, అవి 17,300 మందివి. ఇచ్చేముందు, పేషెంట్ల వివరాలు కాపాడతామని ఆ కంపెనీతో రాసుకోవాల్సిన ఒప్పందం మాత్రం రాసుకోలేదు. 2016లో ఆ క్లినిక్ ప్రభుత్వానికి ఏడున్నర లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకోవాల్సి వచ్చింది.

ఆ క్లినిక్‌లో ఎవరికీ చెడు ఉద్దేశం ఉందని నేననుకోను. వాళ్ల దృష్టిలో అది పాత సామాను వదిలించుకునే పని. పేషెంట్ దృష్టిలో మాత్రం అది వాళ్ల శరీరం బొమ్మ, పక్కన వాళ్ల పేరు. ఆ తేడా ఎవరికీ తట్టలేదు. నేను ఈరోజు చెప్పేదంతా ఆ తేడా గురించే. పేషెంట్ తన విషయం మిమ్మల్ని నమ్మి చెప్పాడు. ఆ కాగితం మీ గది దాటి ఎంత దూరం వెళ్లినా మీ బాధ్యత దాని వెంటే వెళ్తుంది. దాన్ని అందుకున్న ప్రతివాడికీ సొంతంగా ఇంకో బాధ్యత మొదలవుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుని ముందుకెళ్దాం. హిపా మీద 1996 ఆగస్టు 21న ప్రెసిడెంట్ క్లింటన్ సంతకం చేశారు. అప్పట్లో దాని ముఖ్య ఉద్దేశం ఉద్యోగం మారినప్పుడు ఇన్సూరెన్స్ పోకుండా చూడటం. ప్రైవసీ రూల్ 2003 ఏప్రిల్ నుంచి పాటించాల్సి వచ్చింది, కంప్యూటర్లలో ఉండే సమాచారానికి సంబంధించిన సెక్యూరిటీ రూల్ 2005 ఏప్రిల్ నుంచి. మొదట్లో ఈ చట్టం నేరుగా పట్టుకున్నది వైద్యం చేసేవాళ్లని, ఇన్సూరెన్స్ ప్లాన్లని, క్లెయిములు, అంటే ఇన్సూరెన్స్‌కి పెట్టే బిల్లులు, అటూ ఇటూ పంపే క్లియరింగ్‌హౌస్‌లని మాత్రమే. బయటి వెండర్‌కి క్లినిక్‌తో ఉన్న కాంట్రాక్టు ఒక్కటే బంధం. వెండర్ తప్పు చేస్తే ప్రభుత్వం వెండర్ని అడగడానికి దారి లేదు.

అలా ఉన్నప్పుడు ఏమయ్యేదో 2003 అక్టోబరులో లోకానికి తెలిసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్ఎఫ్ మెడికల్ సెంటర్‌కి ఒక ఈమెయిల్ వచ్చింది. పంపింది పాకిస్తాన్‌లో కూర్చుని డాక్టర్ల డిక్టేషన్లు టైపు చేసే ఒకావిడ. నాకు రావాల్సిన డబ్బు ఇవ్వలేదు, ఇప్పించకపోతే మీ పేషెంట్ల రికార్డులు ఇంటర్నెట్‌లో పెట్టేస్తాను అని రాసింది. ఊరికే బెదిరింపు కాదని తెలియడానికి నిజమైన పేషెంట్ల ఫైళ్లు కూడా జతచేసింది. ఆసుపత్రి వాళ్లు తల పట్టుకున్నారు, ఎందుకంటే ఆవిడ ఎవరో వాళ్లకి తెలియదు. వాళ్లు పని ఇచ్చింది తమ దగ్గర్లోనే ఉన్న ఒక ట్రాన్‌స్క్రిప్షన్ కంపెనీకి. ఆ కంపెనీ ఫ్లోరిడాలో ఒకరికి ఇచ్చింది. ఫ్లోరిడా నుంచి టెక్సాస్‌లో ఇంకొకరికి. టెక్సాస్ నుంచి పాకిస్తాన్‌కి. చేతులు మారిన ప్రతిచోటా కూలీ డబ్బు కొంత కొంత తగ్గుతూ వెళ్లింది, చివరికి పని చేసినావిడకి అదీ అందలేదు. ఆవిడ చేసింది తప్పే. కానీ ఆవిడ చేతికి ఆ ఫైలు ఎలా వచ్చిందో ఆసుపత్రికే తెలియకపోవడం అంతకంటే పెద్ద తప్పని నేనంటాను.

ఈ ఖాళీని పూడ్చడానికే 2009లో హైటెక్ చట్టం వచ్చింది. దాని వెనకాల 2013లో ఓమ్నిబస్ రూల్ వచ్చింది. 2013 సెప్టెంబరు 23 నుంచి బిజినెస్ అసోసియేట్ అనే ప్రతి వెండర్‌కీ చట్టం నేరుగా వర్తిస్తుంది. వెండర్ దగ్గర పని తీసుకున్న సబ్‌కాంట్రాక్టర్‌కీ వర్తిస్తుంది. వాడి కింద ఇంకొకడుంటే వాడికీ వర్తిస్తుంది. కాబట్టి బిల్లింగ్ కంపెనీలవాళ్లు, ఐటీవాళ్లు ఒకటి మనసులో పెట్టుకోండి. మేం క్లినిక్ చెప్పినట్టు చేశామంతే అనే మాట ఇప్పుడు చెల్లదు. హెల్త్ డిపార్ట్‌మెంట్ కింద ఉండే ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్, అందరూ ఓసీఆర్ అంటారు, వాళ్లు నేరుగా మీ తలుపే తట్టొచ్చు. తట్టారు కూడా. 2016లో ఫిలడెల్ఫియాలో నర్సింగ్ హోములకి ఐటీ సేవలందించే ఒక చర్చి సంస్థ ఆరున్నర లక్షల డాలర్లు కట్టింది. పోయింది ఒక ఐఫోన్. దానికి పాస్‌వర్డ్ లేదు, తాళం లేనివాడు చదవలేకుండా సమాచారాన్ని మార్చేసే ఎన్‌క్రిప్షన్ లేదు. అందులో 412 మంది వృద్ధుల వివరాలున్నాయి.

సరే, బిజినెస్ అసోసియేట్ అంటే ఎవరు? క్లినిక్ తరఫున పనిచేస్తూ ఆ పనిలో పేషెంట్ సమాచారం తీసుకునేవాడు, తయారుచేసేవాడు, దాచిపెట్టేవాడు, పంపించేవాడు. బిల్లింగ్, కోడింగ్ కంపెనీలు, పేషెంట్ రికార్డులు కంప్యూటర్‌లో ఉంచే మీ ఈహెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ, రాత్రిపూట ఫోన్లు ఎత్తే ఆన్సరింగ్ సర్వీస్, కాగితాలు ముక్కలు చేసే ష్రెడ్డింగ్ కంపెనీ, రికార్డులు చూడాల్సిన పని పడితే మీ లాయరు, అకౌంటెంటు కూడా. సాయంత్రం వచ్చి గదులు తుడిచేవాళ్లు కారు, ఎందుకంటే వాళ్ల పనికి పేషెంట్ సమాచారంతో సంబంధం లేదు. అంతమాత్రాన వాళ్ల ముందు ఫైళ్లు పరిచి వెళ్లమని కాదు. పోస్టాఫీసు, కొరియర్ కూడా కారు, మూసిన కవరు మోసుకెళ్తారంతే. మీరు పేషెంట్‌ని ఇంకో స్పెషలిస్టు దగ్గరికి పంపితే ఆయనతో బిజినెస్ అసోసియేట్ ఒప్పందం అక్కర్లేదు, వైద్యం కోసం డాక్టర్లు సమాచారం పంచుకోవడాన్ని చట్టం అడ్డుకోదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, హిపా పేరు చెప్పి తోటి డాక్టర్‌కి ల్యాబ్ రిపోర్టు పంపనివాళ్లూ ఉన్నారు. దానివల్ల నష్టపోయేది పేషెంటే.

ఎక్కువమంది పొరబడేది క్లౌడ్ దగ్గర. మేం ఫైళ్లు తెరిచి చూడం, ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, తాళం కూడా మా దగ్గర ఉండదు, కాబట్టి మాకు సంబంధం లేదంటారు. సంబంధం ఉంది. తాళం మీ దగ్గర లేకపోయినా దాచిపెడుతున్నారు కాబట్టి మీరు బిజినెస్ అసోసియేటే అని ఓసీఆర్ 2016లోనే స్పష్టంగా చెప్పింది. ఫోన్ కంపెనీ, ఇంటర్నెట్ కంపెనీ వేరు. వాటిగుండా సమాచారం సాగిపోతుందేగాని అక్కడ నిలవదు.

ఎవరికీ వెంటనే గుర్తురాని వెండర్ ఇంకొకరున్నారు, ఫోటోకాపీ మిషన్ లీజుకిచ్చేవాళ్లు. ఆ మిషన్ లోపల హార్డ్ డ్రైవ్ ఉంటుంది. మీరు కాపీ తీసిన ప్రతి ఇన్సూరెన్స్ కార్డు, ప్రతి రిపోర్టు అందులో మిగిలిపోవచ్చు. న్యూయార్క్‌లో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఇన్సూరెన్స్ సంస్థ వాళ్లు లీజు అయిపోయాక మిషన్లు తిరిగిచ్చేశారు, డ్రైవులు తుడవలేదు. ఒక టీవీ చానల్ వాళ్లు పరిశోధన కోసం పాత మిషన్లు కొంటే, అందులో ఒకటి వీళ్లది. లోపల పేషెంట్ల వివరాలు అలాగే ఉన్నాయి. చివరికి 2013లో 12 లక్షల డాలర్ల పైచిలుకు కట్టారు. మీ క్లినిక్‌లో మిషన్ మీద ఉన్న స్టిక్కర్ చూడండి, లీజు ఎప్పుడు అయిపోతుందో చూడండి, తిరిగిచ్చేముందు డ్రైవ్ ఎవరు తుడుస్తారో ఇప్పుడే రాయించుకోండి.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. కొంచెం సూటిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

మన డాక్టర్లు చాలామంది బిల్లింగ్ పని తెలిసినవాళ్లకే ఇస్తారు. బావమరిది కంపెనీ, కాలేజీలో కలిసి చదువుకున్న స్నేహితుడి కంపెనీ, సంఘంలో పరిచయమైన తమ్ముడి కంపెనీ. అందులో తప్పేం లేదు, నమ్మకం ఉన్నచోటే పని ఇస్తాం. కానీ ఆ నమ్మకం వల్లనే మొహమాటం వస్తుంది. ఒప్పందం మీద సంతకం పెట్టు అంటే, ఏంటి బావా, నన్ను అనుమానిస్తున్నావా అంటాడేమోనని. నీ దగ్గర ఎవరెవరికి లాగిన్లున్నాయి అని అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమోనని. పని కింద ఇంకెవరికైనా ఇచ్చావా అని అడిగితే వాడి వ్యాపారంలో వేలుపెట్టినట్టవుతుందేమోనని. ఆ మొహమాటం ఖరీదు మీరిద్దరూ కట్టరు. పేషెంట్ కడతాడు. ఆయన మీ బావమరిదిని నమ్మి ఒంట్లో బాలేదని చెప్పలేదు, మిమ్మల్ని నమ్మి చెప్పాడు.

పైగా మన సమాజం చిన్నది. ఒకావిడ డిప్రెషన్‌కి మందులు వాడుతోందనుకోండి. ఇంట్లో అత్తగారికి తెలియదు, అన్నదమ్ములకి తెలియదు. డాక్టర్‌కి మాత్రమే చెప్పింది. ఆ క్లెయిము మీద కోడ్ ఉంటుంది, కోడ్ తెలిసినవాడికి జబ్బు తెలిసిపోతుంది. బిల్లింగ్ ఆఫీసులో కూర్చున్న అమ్మాయి ఆవిడని ఏ సంక్రాంతి ఫంక్షన్‌లోనో చూసి ఉంటుంది. అయ్యో పాపం, ఆవిడకిలా ఉందట అని సానుభూతితోనే ఒకరితో అంటుంది. నెల తిరక్కుండా విషయం నలుగురి నోళ్లలో నానుతుంది. తర్వాతేమవుతుందో డాక్టర్లకి తెలుసు. ఆవిడ మందులు మానేస్తుంది, లేదా రావడమే మానేస్తుంది. ప్రైవసీ అంటే కాగితాల తంతు అనుకునేవాళ్లకి నేను చెప్పేదిదే. గుట్టు నిలవదని తెలిసిన పేషెంట్ డాక్టర్‌తో నిజం చెప్పడు, నిజం తెలియని డాక్టర్ సరైన వైద్యం చేయలేడు.

చూడటం కూడా తప్పే అని మీ స్టాఫ్‌కి విడమరిచి చెప్పండి. బయటికి చెప్పలేదు, ఊరికే చూశాను అంటే కుదరదు. వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా వ్యాలీ మెమోరియల్ ఆసుపత్రిలో 23 మంది సెక్యూరిటీ గార్డులు వాళ్ల పనికి సంబంధం లేకుండా 419 మంది రికార్డులు తెరిచి చూశారు. 2023లో ఆసుపత్రి 2,40,000 డాలర్లు కట్టింది. గార్డులకి అంత లోతుగా లాగిన్ ఎందుకివ్వాలి అనేది అక్కడ మొదటి ప్రశ్న. మీ ఆఫీసులో కూడా అదే అడగండి. అపాయింట్‌మెంట్లు రాసే మనిషికి డాక్టర్ నోట్సు కనిపించాలా? బాకీ వసూలు చేసే ఏజెన్సీకి జబ్బు పేరు పంపాలా? పేరు, అడ్రసు, ఎంత బాకీ, ఏ తారీఖు విజిట్, ఇంతే చాలు కదా. చట్టంలో దీన్ని కనీస అవసరం అంటారు. వైద్యం కోసం తోటి డాక్టర్‌కి పంపేటప్పుడు ఈ పరిమితి లేదు, మిగతా పనులకి దాదాపు అన్నిచోట్లా ఉంది.

వసూళ్ల ఏజెన్సీ మాట వచ్చింది కాబట్టి 2019 సంగతి చెప్పాలి. అమెరికన్ మెడికల్ కలెక్షన్ ఏజెన్సీ అని ల్యాబుల బాకీలు వసూలుచేసే కంపెనీ. దాని సిస్టమ్‌లోకి నెలల తరబడి ఎవరో చొరబడి ఉన్నారు. క్వెస్ట్ డయాగ్నస్టిక్స్ పేషెంట్లు 1.19 కోట్ల మంది దాకా, ల్యాబ్‌కార్ప్ వాళ్లు 77 లక్షల మంది దాకా అందులో చిక్కుకున్నారు. ఆ పేషెంట్లు రక్తపరీక్షకి ల్యాబ్‌కి వెళ్లారంతే, వసూళ్ల కంపెనీ పేరు చాలామంది విని కూడా ఉండరు. విషయం బయటపడిన కొద్దిరోజులకే దాని మాతృసంస్థ దివాలా కోర్టుకి వెళ్లింది. వెండర్ దివాలా తీస్తే పేషెంట్‌కి సమాధానం చెప్పుకోవాల్సింది మళ్లీ మనమే.

ఇక 2024 ఫిబ్రవరిలో క్లెయిములు పంపే చేంజ్ హెల్త్‌కేర్ కంపెనీ మీద జరిగిన సైబర్ దాడి గొడవ ఇక్కడున్న డాక్టర్లందరికీ అనుభవమే. వారాల తరబడి క్లెయిములు కదల్లేదు, జీతాలివ్వడానికి అప్పులు చేసినవాళ్లున్నారు. అంత పెద్ద కంపెనీ, దేశంలో క్లెయిముల్లో పెద్ద భాగం దాని గుండానే పోతుంది, యునైటెడ్‌హెల్త్ లాంటి పెద్ద ఇన్సూరెన్స్ సంస్థ చేతిలో ఉంది. దొంగలు లోపలికొచ్చిన దారేమిటంటే, బయటినుంచి లాగిన్ అయ్యే ఒక పోర్టల్. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తాళం, అంటే ఫోన్‌కి కోడ్ వచ్చే మల్టీఫ్యాక్టర్ లాంటిది, లేదు. యునైటెడ్‌హెల్త్ అప్పటి అధిపతి ఆ సంగతి కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నారు, 2.2 కోట్ల డాలర్లు దొంగలకి కట్టిన సంగతి కూడా. దాదాపు 19 కోట్ల మంది సమాచారం పోయింది. దేశ జనాభాలో సగానికి పైమాటే.

ఇందులో మన చిన్న కంపెనీలకి పనికొచ్చే విషయం ఉంది. బయటినుంచి లోపలికి రావడానికి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టండి. ఉద్యోగం మానేసిన మనిషి లాగిన్ ఇంకా పనిచేస్తోందా చూడండి. నలుగురు కలిసి ఒకే పాస్‌వర్డ్ వాడుతున్నారా చూడండి. దీన్నే రిస్క్ అనాలిసిస్ అంటారు. ఏ సెటిల్‌మెంట్ చదివినా తరచుగా కనిపించే లోపం అది చేయకపోవడమే. సెక్యూరిటీ రూల్‌ని ఇంకా బిగించి మల్టీఫ్యాక్టర్‌ని, ఎన్‌క్రిప్షన్‌ని తప్పనిసరి చేయాలని 2025 జనవరిలో ఒక ప్రతిపాదన ప్రచురించారు. అది ఎప్పుడు రూల్ అవుతుందా అని ఎదురుచూడకండి, ఈ రెండూ ఇవాళే పెట్టుకోవచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసిన ల్యాప్‌టాప్ దొంగల పాలైనా, తాళం దాంతోపాటు పోకపోతే, పేషెంట్లకి ఉత్తరాలు రాసే పరిస్థితి రాదు. చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక మాట. టెస్టింగ్ కోసం అసలు పేషెంట్ల డేటా కాపీ చేసుకోవడం మన దగ్గర బాగా అలవాటు. పేర్లు తీసేశాం కదా అంటారు. ఒక్క వరస మీ ముందు పెడతాను. పేరు లేదు. ఐదంకెల జిప్ కోడ్ ఉంది. వయసు 93. ఆసుపత్రిలో చేరిన తారీఖు ఉంది. తుంటి ఎముక ఆపరేషన్. చిన్న ఊరైతే ఆ పెద్దావిడ ఎవరో ఆ వీధిలో ఎవరైనా చెప్పేస్తారు. అందుకే పేషెంట్‌ని గుర్తుపట్టించే 18 రకాల వివరాలు తీసేయాలని రూల్‌లో జాబితా ఇచ్చారు. తారీఖుల్లో సంవత్సరం మాత్రమే ఉంచాలి. 89 దాటిన వయసులన్నీ కలిపి 90, ఆపైన అని రాయాలి. జిప్ కోడ్‌లో మొదటి మూడంకెలే ఉంచొచ్చు, అదీ ఆ మూడంకెల పరిధిలో 20,000 మందికి మించి జనం ఉంటేనే. ఇంత శ్రమ ఎందుకనుకుంటే కల్పించిన డేటాతో టెస్ట్ చేసుకోండి.

అలాగే వాట్సాప్ గ్రూపులు. కోడింగ్‌లో డౌటొస్తే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పడేస్తారు, సీనియర్లు జవాబు చెబుతారు. నేర్చుకోవాలనే తపన మంచిదే. ఆ స్క్రీన్‌షాట్ పైభాగంలో పేషెంట్ పేరు, పుట్టినతేదీ ఉంటాయి, అది 60 మంది ఫోన్లలో ఫోటో గ్యాలరీలోకి చేరుతుంది, వాళ్ల ఇళ్లలో పిల్లల చేతుల్లోకి వెళ్తుంది. దాన్ని వెనక్కి తీసుకునే మార్గం లేదు. దయచేసి ఇది మానేయండి. డౌటుని మాటల్లో రాయండి, పేషెంట్‌ని అందులోకి లాగకండి.

ఒప్పందం గురించి చెప్పి ముగిస్తాను, తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను. బీఏఏ, అంటే బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్, చాలామంది ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా మీద సంతకాలు పెట్టి ఫైల్లో పడేస్తారు. మూడు చోట్ల ఆగి చదవండి. సమాచారం బయటికి పోతే వెండర్ మీకు ఎన్ని రోజుల్లో చెప్పాలో అక్కడ రాసి ఉంటుంది. చట్టం గరిష్ఠంగా 60 రోజులంటుంది, నమూనాల్లో అదే దింపేస్తారు. వెండర్‌కి 60 రోజులిస్తే మీరు ఎప్పుడు తేల్చుకుంటారు, పేషెంట్లకి ఎప్పుడు రాస్తారు? పైగా ఆ వెండర్ మీ ఏజెంటుగా పనిచేస్తుంటే, అతనికి తెలిసిన రోజే మీకూ తెలిసినట్టు లెక్క. మూడు రోజులో ఐదు రోజులో రాయించుకోండి. ఇక పని కింద ఇంకొకరికి ఇవ్వాలంటే మిమ్మల్ని అడగాలా అన్నది. యూసీఎస్ఎఫ్‌లో తెగింది ఈ ముడే. హిపా సముద్రం దాటి పని పంపడాన్ని నిషేధించలేదు, కానీ పేదలకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్ మెడికెయిడ్ ఉంది కదా, కొన్ని రాష్ట్రాల్లో దాని కాంట్రాక్టులు ఒప్పుకోవు, ముందే చూసుకోండి. చివరిది, కాంట్రాక్టు ముగిశాక డేటా ఏమవుతుంది? తిరిగివ్వాలి, లేదా నాశనం చేయాలి, అలా వీలుకాకపోతే ఉన్నంతకాలం కాపాడాలి. పని ఆగింది కాబట్టి చేతులు దులుపుకుంటామంటే కుదరదు. ఇల్లినాయ్‌లో ఫైల్‌ఫాక్స్ అని రికార్డులు భద్రపరిచే కంపెనీ ఒకటుండేది. 2,150 మంది ఫైళ్లు తాళం వేయని ట్రక్కులో వదిలేయడమో, సంబంధంలేని మనిషి చేతికివ్వడమో జరిగిందని ఓసీఆర్ తేల్చింది. విచారణ సాగుతుండగానే కంపెనీ మూతపడింది. అయినా వదల్లేదు, మూతపడిన కంపెనీ ఆస్తులు చూసే రిసీవర్ చేత 2018లో లక్ష డాలర్లు కట్టించారు.

ఇప్పుడు ప్రశ్నలు.

వెనక వరసలో అక్కయ్య గారు అడుగుతున్నారు, పేషెంట్‌తో మాట్లాడుతుంటే విని నోట్సు రాసిపెట్టే ఏఐ టూల్స్ వాడొచ్చా అని. వాడొచ్చు. ఆ కంపెనీ బిజినెస్ అసోసియేట్ అవుతుంది, ఒప్పందం చేసుకోవాలి. ఆ రికార్డింగులతో వాళ్ల సొంత మోడల్‌కి శిక్షణ ఇచ్చుకుంటారా, పేర్లు తీసేసి వేరే పనులకి వాడుకుంటారా అని కచ్చితంగా అడగండి. మీ ఒప్పందం ఒప్పుకుంటే తప్ప వాళ్లకి ఆ హక్కు లేదు, కానీ చిన్న అక్షరాల్లో ఆ అనుమతి మీ చేతే ఇప్పించుకునేవాళ్లున్నారు. ఒప్పందం లేని ఉచిత చాట్ టూల్‌లో పేషెంట్ నోట్సు అతికించి ఉత్తరం రాయించుకోవడం మాత్రం వద్దు. ఎంత టైమ్ ఆదా అయినా వద్దు. పేషెంట్‌కి కూడా ఒక మాట చెప్పండి, గదిలో మూడో చెవి ఉందని తెలుసుకునే హక్కు ఆయనకుంది. రికార్డింగ్‌కి అనుమతి తీసుకోవాలనే చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో విడిగా కూడా ఉన్నాయి.

వెబ్‌సైట్ల మీద పెట్టే ట్రాకింగ్ కోడ్ గురించి ఇంకొకరు అడిగారు. మీ వెబ్‌సైట్ చేసిన కుర్రాడు ప్రకటనల లెక్కల కోసం పిక్సెల్ అనే ట్రాకింగ్ కోడ్, అంటే ఎవరు ఏ పేజీ చూశారో బయటి కంపెనీకి చేరవేసేది, పెట్టి ఉండొచ్చు, మీకు తెలియకపోవచ్చు. లాగిన్ అవసరంలేని మామూలు పేజీల విషయంలో కూడా హిపా వర్తించొచ్చని ఓసీఆర్ చెప్పిన భాష్యంలో కొంత భాగాన్ని 2024 జూన్‌లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కానీ పేషెంట్ లాగిన్ అయ్యే పోర్టల్‌లో, అపాయింట్‌మెంట్ ఫారంలో అలాంటివి ఉంటే నేనైతే ఈ సాయంత్రమే తీసేయిస్తాను.

చివరి ప్రశ్న, ఇది ముఖ్యమైనది. ఒక డాక్టర్ గారు అడుగుతున్నారు. బిల్లింగ్ కంపెనీవాళ్లు పొరపాటున ఒక పేషెంట్ల లిస్టు వేరే క్లినిక్‌కి ఈమెయిల్ చేశారు, వాళ్లు డిలీట్ చేశామన్నారు, ఇది పెద్దది చేయొద్దు సర్దుకుందాం అంటున్నారు, ఏం చేయాలి అని.

డాక్టర్ గారూ, సర్దుకోవాలో వద్దో తేల్చేది మీరూ కాదు, వాళ్లూ కాదు. అనుమతి లేకుండా సమాచారం బయటికి పోతే అది బ్రీచ్, అంటే గోప్యత ఉల్లంఘన, అనే చట్టం మొదట అనుకుంటుంది. కాదని మీరు చూపించాలి. నాలుగు సంగతులు చూడాలి: ఏ రకం సమాచారం పోయింది, ఎవరి చేతికి పోయింది, నిజంగా తెరిచి చూశారా, నష్టం ఎంతవరకు ఆపగలిగారు. అందుకున్నది ఇంకో క్లినిక్, వాళ్లకీ హిపా వర్తిస్తుంది, అది మీకు అనుకూలం. డిలీట్ చేశామని రాతపూర్వకంగా ఇవ్వమనండి, నోటిమాట సరిపోదు. ఆ లిస్టులో జబ్బుల పేర్లున్నాయా, సోషల్ సెక్యూరిటీ నంబర్లున్నాయా చూడండి. ఇవన్నీ కాగితం మీద పెట్టి, దుర్వినియోగం అయ్యే అవకాశం తక్కువని తేలితే, ఆ కాగితం ఆరేళ్లు దాచండి. తేలకపోతే ఆ లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉత్తరం రాయాలి. 500 మంది, అంతకుమించి ఉంటే పేషెంట్ల ఉత్తరాలకున్న 60 రోజుల గడువులోనే ప్రభుత్వానికీ చెప్పాలి. ఒకే రాష్ట్రంలో 500 మంది దాటితే అక్కడి పత్రికలకీ, టీవీలకీ చెప్పాలి. 500 కంటే తక్కువైతే ప్రభుత్వానికి చెప్పడానికి ఆ సంవత్సరం ముగిశాక 60 రోజుల వరకు టైముంది, పేషెంట్లకి మాత్రం అంత టైము లేదు. మీకు ఈ సంగతి ఏ రోజు తెలిసిందో ఆ తారీఖు ఇప్పుడే రాసిపెట్టుకోండి. పేషెంట్ల ఉత్తరాలకి అనవసరమైన ఆలస్యం లేకుండా, 60 రోజుల లోపు, గడువు ఆ తారీఖు నుంచే నడుస్తోంది. విరామంలో నా దగ్గరికి రండి, ఆ నాలుగు సంగతులూ కూర్చుని రాసుకుందాం.